కంటికి కనబడని వెలుగుతో నడిచిన కారు

ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి వచ్చిన మరునాడు, మా నాన్న పాత పంచాంగం అట్టను కత్తెరతో సన్నని ముక్కలు చేసి ఒక రేకు డబ్బాలో దాచేవారు. దేవుడి పుస్తకం అట్టను అట్లా కత్తిరించడం అమ్మకు ఇష్టముండేది కాదు. "పాత పంచాంగం పనికి రాదంటారు గదా, ఇది ఎంత పనికొస్తుందో చూడు" అనేవారు నాన్న. ఆ ముక్కలన్నీ కారు కోసం.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. ఆదోనిలో నాన్న ఒక పత్తి ప్రెస్సులో గుమాస్తా. నేను పుట్టకముందు దాన్ని ఒక కంపెనీ నడిపేది. ఆ కంపెనీ ఏజెంటుగా ఉన్న దొర దేశం వదిలి పోతూ తన కారును అమ్మకానికి పెడితే కొనేవాళ్లు దొరకలేదు. అది ఇద్దరే కూర్చునే బండి. నెత్తిన రేకు కప్పు లేదు, మడిచే గుడ్డ కప్పు. చక్రాలకు సైకిలు చక్రాలకున్నట్టు తీగెలు. ముందు భాగమంతా ఇంజనే, మనుషులకు మిగిలింది వెనక చారెడు చోటు. పదిమంది ఎక్కి తిరుపతి పోయే కారు కావాలని అడిగే సేట్లు దాన్ని చూసి నవ్వి వెళ్లిపోయారట. చివరికి దొర తాళం చెవి నాన్న చేతిలో పెట్టి, "దీన్ని నిలబెట్టి ఉంచకు, నడుపుతూ ఉండు" అని చెప్పి పోయాడట. ముడి వేసిన జుట్టు, నుదుటి మీద మాధ్వుల నల్లటి అంగారం గీత, అక్షింత బొట్టు, పంచెకట్టు, ఆ పైన ఆ ఆకుపచ్చ కారు. ఆదోని బజారులో మా నాన్నను చూసి ముసిముసిగా నవ్వనివాళ్లు లేరు. జనం దానికి తొట్టికారు అని పేరు పెట్టారు. నాన్నకు కోపం రాలేదు. తొట్టిలో కూర్చున్నట్టే ఉంటుంది గదా అన్నారు.

నాకు చిన్నప్పుడు ఆయాసం. బడి పక్కనే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులు. పత్తి కాలం వస్తే గాలిలో దూది పోగులు మంచులా తేలేవి. నాలుగు రోజులు బడికి పోతే నలభై రోజులు మంచం. అందుకని నాన్న నన్ను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పారు. తెలుగు, కన్నడం, లెక్కలు, కొంచెం ఇంగ్లీషు. సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చి సంధ్య వార్చుకుని, పెరట్లో కారు షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను ఎదురుగా పీట మీద. ఒక వైపు ఎక్కాలు, ఒక వైపు స్పానర్లు. భగవంతుడు నాకు బడి ఇవ్వలేదు. కానీ ఒక బడికి సరిపడా నాన్నను ఇచ్చాడు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి.

పాయింట్లు అంటే ఏమిటో అక్కడే తెలుసుకున్నాను. ఇంజను పక్కన నల్లటి మూత కింద డిస్ట్రిబ్యూటరు అని ఒకటుంటుంది. దాని లోపల రెండు చిన్న బిళ్లలు తాకుతూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన ప్రతిసారీ ఇంజనులో ఒక చోట నిప్పురవ్వ పుట్టి పెట్రోలును అంటిస్తుంది. ఆ రెండు బిళ్లల మధ్య సందు ఎంత ఉండాలో అంతే ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా బండి దగ్గుతుంది. సందు కొలవడానికి ఇనుప రేకులు దొరుకుతాయి గానీ నాన్నకు పంచాంగం అట్టే కొలత. అట్టముక్కను సందులో పెట్టి లాగి చూసి, "జారీ జారనట్టుండాలమ్మా" అనేవారు. నా చేత కూడా లాగించి చూసేవారు. బండి కదిలితే ఎంత సంబరమో, ఆ అట్టముక్క జారీ జారనట్టు వేళ్లకు తగిలితే నాకు అంత సంబరం.

డెబ్బైలు గడిచే కొద్దీ ఆ పని కష్టమైంది. ఆ కారుకు సరిపోయే పాయింట్లు దొరకడం మానేశాయి. జీపు పాయింట్లు తెచ్చి ఆకురాయితో అరగదీసి బిగించేవారు. లోపలి ఇరుసు అరిగి ఊగులాడేది. ఇవాళ సరిచేసిన సందు రేపటికి మారిపోయేది. ఎండాకాలంలో మరీ కష్టం. వేడెక్కిందంటే బండి ఎక్కడున్నా అక్కడే ఆగేది.

నా పెళ్లయి ఎమ్మిగనూరు వెళ్లాను. మావారు అక్కడ బడిపంతులు. మా అత్తవారి వీధి పొడుగునా మగ్గాలు. తెల్లవారింది మొదలు టకటకమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో నెలకొకసారి తొట్టికారు చప్పుడు వినబడేది. ఆదోని నుంచి నాన్న వచ్చేవారు. వచ్చి, ముంగిట్లో ఆపి, లోపలికి వచ్చి మజ్జిగ తాగి, గంట కూర్చుని పోయేవారు. పెద్ద మాటలేమీ ఉండేవి కావు. ఆ గంట కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్ని.

ఎనభైలు మొదలైనాక ఒక ఎండాకాలం ఆయన రావలసిన రోజున రాలేదు. పొద్దు వాలినాక బస్సులో వచ్చారు. ముఖం వాడిపోయి, పంచె అంచుకు నల్లని గ్రీజు మరకలు. దారి మధ్యలో బండి ఆగిపోయిందట. మూత తీసి పాయింట్లు సరిచేయబోతే సందు కనబడలేదట.

"కనబడకపోవడమేమి నాన్నా?" అని అడిగాను.

"అట్టముక్క కనబడతాంది. బిళ్ల కనబడతాంది. మధ్యన సందు మాత్రం కనబడలేదమ్మా" అన్నారు.

కర్నూలులో కంటి డాక్టరు చూసి నీటికాసులు అన్నాడు. చూపు పక్కల నుంచి కొద్దికొద్దిగా తగ్గుకుంటూ వస్తుందట. మందు చుక్కలతో ఆపవచ్చు గానీ పోయినది తిరిగి రాదట. పగటిపూట, మెల్లగా అయితే ఇప్పటికి బండి నడపవచ్చని, వచ్చే ఏటికి మాత్రం మానుకోవాలని చెప్పాడు. నాన్న ఆ మాట నాకు చెప్పలేదు. అమ్మ చెప్పింది. అదీ నేను పురిటికి ఆదోని వచ్చినాక, ఆయన లేనప్పుడు.

పిల్లవాడు పుట్టాడు. మా వైపు అయిదో నెలలో బిడ్డను తండ్రి ఇంటికి చేర్చడం ఆచారం. పుట్టింటివాళ్లే తీసుకుపోయి దింపాలి. మంచిరోజు చూసి నాన్న ఒక మాట అన్నారు. ఆయన నోట ఏదైనా కావాలన్న మాట నేను వినడం అరుదు.

"మనవణ్ణి, అమ్మాయిని నా బండిలో నేనే తీసుకుపోతా. ఇది ఒక్కటీ చేసి ఇంక వదిలేస్తా."

అమ్మ పళ్లెంలో బియ్యం ఏరుతూ ఉంది. తల ఎత్తలేదు. "బస్సులున్నాయి గదా" అంది.

"బస్సు ఎప్పుడూ ఉంటుంది" అన్నారు నాన్న.

కానీ బండి ఎమ్మిగనూరు దాకా ఆగకుండా పోతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆగితే పాయింట్లు సరిచేసే కళ్లు లేవు. ఆ సంకటం అట్లా ఉండగా మా మేనమామ వచ్చాడు. ఆయన బొంబాయిలో ఓడల ఇంజనీరు. పాయింట్లు దొరకడం లేదని ఎప్పుడో నాన్న రాసిన ఉత్తరం గుర్తు పెట్టుకుని, ఏదో రేవులో అడిగి, వాటికి బదులు బిగించే కొత్త సామాను ఒక అట్టపెట్టెలో తెచ్చాడు. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ప్లస్ వైపును బాడీకి కలిపి ఉంటారట, మన లారీలకు అది తిరగేసి ఉంటుందట. మా బండి రకానికే సరిపోయేది కావాలని పట్టుబట్టి మరీ తెచ్చానన్నాడు. మనవడి చేతికి ఒక గిలక్కాయ, బావగారి చేతికి ఆ పెట్టె ఇచ్చి, మరునాడే గుంతకల్లులో రైలెక్కాడు.

బిగించడానికి మెకానిక్ భాయ్ వచ్చాడు. ఆయన షెడ్డు బస్టాండు వెనక ఉండేది. లారీలు, జీపులు, నూనె ఇంజన్లు, ఏదైనా చేసేవాడు. నాన్న కంటే కొంచెం చిన్న. మా ఇంటికి వస్తే చెప్పులు వీధి గుమ్మం దగ్గరే విడిచేవాడు. నన్ను పెళ్లయినా పాపా అనే పిలిచేవాడు. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు కాగితం నేను చదివి చెప్పాలి, ఆయన బిగించాలి, నాన్న స్టూలు మీద కూర్చుని వినాలి. చంటివాడు నా ఒళ్లో.

కాగితం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. మళ్లీ చదివాను. పాయింట్లు తీసిపారేసి వాటి చోట ఒక చిన్న కొక్కెం లాంటిది పెట్టాలి. దానికి రెండు కొమ్ములు. ఒక కొమ్ములో చిన్న దీపం, ఎదుటి కొమ్ములో ఆ దీపాన్ని చూసే కన్ను. రెంటి మధ్య సందులో నాలుగు రెక్కల చక్రం తిరుగుతుంది. రెక్క అడ్డం వస్తే వెలుగు ఆగుతుంది, తప్పుకుంటే కన్ను చూస్తుంది. అది చూసిన లెక్క ప్రకారం నిప్పురవ్వ పుడుతుంది. ఏదీ దేన్నీ తాకదు. అందుకని అరుగుదల లేదు, సందు సరిచేసే పని ఎప్పటికీ లేదు. నేను ఆగింది అక్కడ కాదు. ఆ దీపం వెలుగు మనిషి కంటికి కనబడదని రాసి ఉంది.

"కనబడని లైటా?" అన్నాడు మెకానిక్ భాయ్. "ఉండేది లేంది ఎట్ల తెలుస్తాది పాపా?"

"బండి స్టార్ట్ అయితే ఉన్నట్టు" అన్నారు నాన్న.

"కాకపోతే?"

"కాకపోతే మనకు తెలీనట్టు."

ఆయన నవ్వి, "బాగుండాది సామీ. మీ గుళ్లో, మా మసీదులో సెప్పేదాన్నే ఎవరో డబ్బాలో పెట్టి అమ్ముతాండారు" అన్నాడు.

లోపలి నుంచి అమ్మ గొంతు వినబడింది. "కనబడని వెలుగు సంగతి తర్వాత చూసుకోండప్పా. కనబడే దారి ఎట్లుందో ఆయన్ను ముందు చూసుకోమను."

నాన్న కాగితం తీసుకుని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్లీ నాకిచ్చారు.

నా మనసు మాత్రం ఆ వెలుగు మీదే ఉంది. ఆ కొక్కెం పట్టుకుని చూశాను. బఠాణీ గింజ కంటే చిన్న గాజు బిందువులు రెండు, ఒకదాన్నొకటి చూసుకుంటూ. దేవుడి గదిలో నేను రోజూ పెట్టే దీపం ఎదుట కూడా నాకు అంత నిశ్శబ్దం తోచలేదు. నేను పుట్టి పెరిగిన లోకంలో, ఈ పెరట్లో, ఈ ఎండలో, నా కంటికి అందని వెలుగు ఒకటి ఉంటూనే ఉందన్నమాట. ఎవరో కూర్చుని దాన్ని పట్టి, పని నేర్పి, ఇంత చిన్న చోట పెట్టారు. ఆ చేసినవాళ్లెవరో, ఏ ఊరివాళ్లో. మనసులోనే వాళ్లకు నమస్కారం చేసుకున్నాను.

కొత్త వస్తువు ఏది వచ్చినా మా ఇంట్లో పసుపు కుంకుమలు పెట్టకుండా వాడరు. ఇస్త్రీ పెట్టెకైనా, నీళ్ల బిందెకైనా అంతే. "అమ్మా, మీ పూజ ముందు కానీండి, రేపు పొద్దున వచ్చి బిగిస్తా" అని మెకానిక్ భాయే చెప్పి పోయాడు. ఆ సాయంత్రం అమ్మ సామానంతా ఒక పళ్లెంలో సర్ది దేవుడి ముందు పెట్టింది. దేనికదిగా బొట్టు పెట్టి, మంత్రాలయం నుంచి తెచ్చిన అక్షింతలు చల్లింది.

మరునాడు బిగించారు. పాత పాయింట్లు, కండెన్సరు తీసేశారు. కొక్కెం పెట్టారు. చక్రం తొడిగారు. కన్ను చూసింది అందుకుని నిప్పురవ్వను పుట్టించే డబ్బా ఒకటి, చేపపొలుసు లాంటి గాడులున్న అల్యూమినియంది, ఇంజనుకు ఎడంగా, వేడి తగలని చోట బిగించారు. నేను కాగితంలో రంగు చదువుతుంటే భాయ్ ఆ రంగు తీగె కలిపాడు. ఊరి పెద్దలు కొందరు గోడ మీదుగా చూసి పోయారు. అన్నీ అయినాక నాన్న దేవుడిని తలచుకుని స్టార్టరు పిడి లాగారు.

ఇంజను తిరిగింది. అంటుకోలేదు.

మళ్లీ లాగారు. గిరగిరా తిరగడమే తప్ప ఒక్క దగ్గు కూడా లేదు. ఎప్పుడూ దగ్గే బండి దగ్గకపోతే అదెంత భయమో నాకప్పుడు తెలిసింది. భాయ్ తీగెలన్నీ విప్పి మళ్లీ కలిపాడు. కాయిలు మార్చి చూశాడు. ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి చూస్తే నిప్పురవ్వ లేదు. చివరికి పాత పాయింట్లు తిరిగి బిగించి చూస్తే, కుక్కిన దూది మూటలోంచి వచ్చినట్టు దగ్గుతూ స్టార్ట్ అయింది.

"బండిది ఏం తప్పు లేదు సామీ" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఆ కొత్త సామానే సచ్చిపోయిందో, పుట్టకనే పోయిందో."

నాన్న లేచి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. మంచిరోజు ఎదురుగా ఉంది. ఎల్లుండే.

వంటింట్లో అమ్మ సాంబారు పోపు వేస్తూ, నాకు వినబడేటట్టు, ఎవరితోనూ కానట్టు అంది. "కదలకపోవడమే మేలు. ఎవరి చల్లని చూపో. బస్సుకు పోతాం."

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. చంటివాడు ఆమెకూ మనవడే. భర్త కళ్ల సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. కానీ రాత్రి భోజనం దగ్గర నాన్న ఔపోశన నీళ్లు అరచేతిలో పట్టి చాలాసేపు అట్లాగే ఉండిపోయారు. ఆయన ఆకు వంక చూసి అమ్మ చేతిలో గరిటె కూడా ఆగింది.

తెల్లవారి మెకానిక్ భాయ్ వచ్చాడు. తనంతట తనే ఇంకొకసారి చూస్తానని. కొత్త సామాను మళ్లీ విప్పి గోనెపట్టా మీద పరిచాడు. ఇంతలో అమ్మ పసుపు, కుంకుమ గిన్నెలు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. నేను ఆశ్చర్యపోయాను.

"ఏమమ్మా?" అన్నాడు ఆయన.

"మొన్న తొందరలో పెట్టినా. దిష్టి తగిలిందేమో. మళ్లీ పెడతా, జరుగప్పా" అంది.

రాత్రి ఆయన ఆకు ముందు గరిటె ఆపి ఏమనుకుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. బండి కదలవద్దని కోరుకున్న మనిషే బొట్టు తెచ్చింది. వంగి, పసుపు తడిపి, వేలితో సరిగ్గా ఆ కొక్కెం దగ్గరికి తీసుకుపోయింది.

"ఆగమ్మా" అన్నాడు భాయ్. "మొన్న గూడ ఈడనే పెట్టినావా?"

"ఆడగాక యాడ పెడతారు? రెండు కండ్లు మాదిరి ఉన్యాయి గదా. చెరొక కంటికి ఇంత పెట్టినా."

ఆయన కొక్కెం తీసి ఎండలోకి తిప్పి చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. రెండు గాజు బిందువుల మీదా ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ. దీపం కళ్లు మూసుకుని ఉంది, చూసే కన్నూ మూసుకుని ఉంది.

ఆయన గోనెపట్టా మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "నేను చూసినా పాపా. నిన్న బిగించేటప్పుడే చూసినా. అమ్మ పెట్టిన బొట్టు, తుడిస్తే బాగుండదని అట్లే బిగించినా. లారీలకు ఇంజను మీద, బ్యాటరీ మీద, స్టీరింగు మీద, యాడ పడితే ఆడ పెడతారు. ఏ లారీ బొట్టుకు ఆగింది లేదే."

నాన్న కూడా వచ్చారు. సంగతి విని నవ్వలేదు. అమ్మ ముఖం చూస్తూ నిలబడ్డారు. ఆమె చేతిలో గిన్నెలు అట్లాగే ఉన్నాయి.

"అయితే తుడవండి" అన్నారు మెల్లగా.

భాయ్ తల అడ్డంగా తిప్పాడు. "నా చేత్తో నేను తుడవను సామీ. అమ్మనే తియ్యమనండి."

ఆ మాటతో పని అమ్మ మీద పడింది. పెట్టిన బొట్టు ఆమె ఎప్పుడూ, దేని మీద నుంచీ తుడిచింది లేదు. గడపకు పెట్టినదైనా దానంతటది చెరిగిపోవలసిందే. తుడవకుంటే బండి కదలదు. బండి కదలకుంటే ఆయన దారిలో ఉండరు, ఇంట్లో ఉంటారు. ఇదంతా ఆమె ముఖంలో వచ్చి పోవడం నేను చూశాను. చాలాసేపటికి నా వైపు తిరిగి, "పిల్లోడికి తెచ్చిన స్పిరిటు, దూది ఉందా?" అని అడిగింది.

తెచ్చి ఇచ్చాను. మా ఆదోని దూదే, తెల్లగా, మెత్తగా. అమ్మ పీట మీద కూర్చుని, పెదవులు కదుపుతూ, ఒక గాజు బిందువు, తర్వాత రెండోది, బిడ్డ కంటి ఊసు తీసినట్టు తీసింది. దూది పచ్చబడి, ఎర్రబడింది. మళ్లీ కొత్త దూదితో తుడిచింది. రెండూ తళతళలాడాయి. అప్పుడు లేచి, మిగిలిన పసుపు కుంకుమలు తీసుకుపోయి బండి ముందు, రేడియేటరు నెత్తిన పెట్టింది. "ఈడ పెడితే ఏం కాదు గదా?" అని అడిగింది.

"ఈడ కిలో పెట్టమ్మా" అన్నాడు భాయ్.

బిగించడం ఎక్కువసేపు పట్టలేదు. నాన్న కూర్చుని లాగారు. మొదటి లాగుకే అంటుకుంది.

ఆ చప్పుడును నేనెట్లా చెప్పేది? పుట్టినప్పటి నుంచి ఆ ఇంజను చప్పుడు ఎరుగుదును. అది ఎప్పుడూ నాలుగు అడుగులు వేసి ఒక అడుగు తడబడే నడక. ఆ రోజు తడబాటు లేదు. తంబూరా శ్రుతిలాగా ఒకే తీరుగా, కిందికి పోకుండా, పైకి పోకుండా. నాన్న కాలు తీసేశారు. అయినా ఆగకుండా అంత మెల్లగా తిరుగుతూనే ఉంది. చంటివాడు ఏడుపు మాని వింటున్నాడు. ఆ నల్లటి మూత లోపల, చీకట్లో, కంటికి కనబడని వెలుగు రెక్కల మధ్య నుంచి వచ్చి పోతూ ఉందని, నేను నిలబడ్డ చోటికి అది ఒక జానెడు దూరమేనని తలచుకుంటూ షెడ్డు గుంజ పట్టుకున్నాను. మూసినది అమ్మ చెయ్యే, తెరిచినదీ అమ్మ చెయ్యే. వెలుగు మాత్రం ముందురోజు ఇంజను తిప్పినంతసేపూ తన పాటికి తాను వస్తూనే ఉంది పాపం, పసుపు వెనక.

"లైటు ఉండాది సామీ" అన్నాడు మెకానిక్ భాయ్.

మంచిరోజున పొద్దు కాస్త పైకి వచ్చినాక బయలుదేరాం. తూర్పుకు పోయే దారి, లేత ఎండ కళ్లలో పడకూడదని నాన్న చూసుకున్నారు. నేను ఎడమ సీటులో, పిల్లవాడు నా ఒళ్లో, నెత్తిన గుడ్డ కప్పు. సామాను, అమ్మ, మెకానిక్ భాయ్ వెనక బస్సులో. "దారిలో యాడన్నా నిలబడింటే బస్సు ఆపిచ్చి దిగుతా" అన్నాడాయన.

ఊరు దాటి కొండరాళ్లు వెనకబడి, నల్లరేగడి పొలాలు వచ్చాయి. పత్తి బండ్లు వరసగా ఆదోని వైపు వస్తున్నాయి, మూటల మీద మనుషులు పడుకుని. నాన్న మెల్లగానే పోనిస్తున్నారు. బండి ఎక్కడా వెనకాడలేదు. ఆయన ముఖం చూశాను. నా చిన్నప్పుడు ఎక్కం తప్పు లేకుండా చెబితే ఎట్లా ఉండేదో అట్లా ఉంది.

కానీ ఎడమ పక్కన వచ్చేవి ఆయనకు తెలియడం లేదని కొంచెం దూరం పోగానే నాకు అర్థమైంది. సైకిలు ఒకటి చాలా దగ్గరగా తప్పింది. నేను ఏమీ అనకుండా, చంటివాడికి చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. "చూడరా, ఎడమ వైపు గొర్రెల మంద." "చూడరా, ఎద్దుల బండి." ఆయన చక్రం అందుకు తగ్గట్టు తిప్పుతున్నారు. ఇద్దరం ఆ నాటకం అట్లాగే నడుపుతూ వచ్చాం.

ఎమ్మిగనూరు కనుచూపు మేరలోకి వచ్చిందనగా పిల్లవాడు కదిలాడు. వాడి మీద గుడ్డ సర్దడానికి తల వంచాను. తల ఎత్తేసరికి ఎడమ వైపు వాగు గట్టెక్కి ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చేసింది.

"నాన్నా, బర్రె."

బ్రేకు తొక్కారు. బర్రె మూతి మా బండి ముందు దీపం దగ్గర ఆగింది. అది మమ్మల్ని తీరిగ్గా చూసి, దాటి వెళ్లిపోయింది. ఇంజను ఆగలేదు. అదే శ్రుతిలో తిరుగుతూ ఉంది. నాన్న రెండు చేతులూ చక్రం మీదే ఉంచి కొంతసేపు కూర్చున్నారు. తర్వాత చంటివాడి కాలు ఒకసారి తాకి, బండి కదిలించారు. ఆ తర్వాత ఇంటిదాకా నేను ఒక్క క్షణం కూడా తల వంచలేదు.

మగ్గాల వీధిలోకి మలుపు తిరిగితే మగ్గాలు కొన్ని ఆగాయి. జనం గుమ్మాల్లోకి వచ్చారు. మా అత్తగారు ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని ఎదురొచ్చి, పిల్లవాడికి, నాకు, అడగకుండానే బండికి కూడా దిష్టి తీసింది. మావారు వచ్చి కొడుకును అందుకున్నారు. నాన్న దిగి, పంచె సర్దుకుని, "అప్పజెప్పినా" అన్నారు. ఆ మాట చెప్పి చాలా తేలిక పడ్డట్టు అరుగు మీద కూర్చున్నారు.

బస్సు వచ్చింది. అమ్మ మూటలు దించుకుంటూనే అడిగింది. "దారిలో ఏమన్నా ఇబ్బంది అయిందా?"

నన్నే అడిగింది. నాన్నే చెప్పారు.

"బండి ఒక్కసారి గూడ తడబడలేదు. ఎడమ పక్క నుంచి బర్రె వచ్చింది. నాకు కనబడలేదు. అమ్మాయి చెప్పింది."

అమ్మ ఏదో అంటుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగేదాకా పక్కనే నిలబడింది.

భోజనాలయినాక అమ్మ నా దగ్గర కొన్నాళ్లు ఉండేటట్టు, నాన్న తిరిగి పోయేటట్టు మాట. ఆయన బండి దగ్గరికి నడిచి, తాళం చెవి మెకానిక్ భాయ్ చేతిలో పెట్టారు.

"మీరే తోలండి సామీ, ఇంకా శానా పొద్దుండాది. నేను పక్కన కూసుంటా" అన్నాడాయన.

"పొద్దు నాకు ఎదురుగా ఉంటాదప్పా పోయేటప్పుడు. వద్దు" అన్నారు నాన్న. కాసేపాగి, "ఇంకెప్పుడూ వద్దు" అన్నారు.

భాయ్ తాళం చెవి కళ్లకద్దుకున్నాడు. పై జేబులోని గుడ్డ తీసి సీటు దులిపి మరీ కూర్చున్నాడు. నాన్న అటు వైపు తిరిగి వచ్చి ఎడమ సీటులో కూర్చున్నారు. ఆయన అక్కడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంచెం తడుముకుని ఒళ్లో పెట్టుకున్నారు.

అమ్మ దగ్గరికి పోయి, "మెల్లగా పోనీయప్పా" అంది భాయ్‌తో. నాన్న భుజం మీద ఉత్తరీయం సర్దింది.

ఇంజను మొదటి లాగుకే పలికింది. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన కళ్లు చెమర్చాయేమోనని చూశాను. లేదు. ఆయన అప్పటికే తల పైకెత్తి, కప్పు మడిపించి, వీధి చివర ఆకాశం వైపు చూస్తున్నారు.

"ఇన్నేండ్లు ఈ దారిన పోయినా గానీ, రోడ్డు తప్ప ఏమీ చూసింది లేదమ్మా" అన్నారు. "ఎదురుగా ఉండేవి ఇప్పటికీ బాగా కనబడతాయి. ఆదోని కొండలు ఇంక తీరిగ్గా చూసుకుంటూ పోతా."